పెన్ను పట్టని ట్యాబ్

ఆయన తెనాలిలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మేనకోడలు హైదరాబాద్‌లో టచ్ స్క్రీన్లకు ఫర్మ్‌వేర్ రాసే ఇంజనీరు. ఒకరంటే ఒకరికి ప్రాణం, మాట మాత్రం కుదరదు. ఈసారి తగువు పదకొండు వేల రూపాయల ట్యాబ్ దగ్గర వచ్చింది. సాయంత్రాలు ఊళ్లో పదో తరగతి పిల్లలకూ, సెలవు రోజుల్లో టెక్సాస్‌లో ఉన్న మనవరాలికీ వీడియో కాల్‌లో లెక్కలు చెప్పాలని మాస్టారు దాన్ని కొన్నారు. తాను తెర మీద రాస్తుంటే అవతల పిల్లలకు అంకె అంకె కనపడాలి. డబ్బు కట్టి ఇంటికి తెచ్చాక తెలిసింది, అందులో పెన్నును గుర్తుపట్టే ఏర్పాటే లేదని.

“అడిగే కొన్నానమ్మా! పెన్నుతో రాయొచ్చా అంటే, రాయొచ్చండీ అన్నాడు కొట్లో కుర్రాడు. పైగా రబ్బరు మొన పుల్ల ఒకటి విడిగా కొనిపించాడు. ఇంటికొచ్చి ఎక్స్ నెత్తిన రెండు వెయ్యబోతే, అది ఎక్స్ పక్కన పెద్ద మచ్చై కూర్చుంది. అరచెయ్యి ఆనించానా, పేజీ మొత్తం పక్కకి జారిపోయింది. చెయ్యి గాల్లో పెట్టి ఎవరైనా లెక్క చేస్తారా?”

“ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు మామయ్యా. వేలికి పలికే ఏ తెరైనా ఆ రబ్బరు పుల్లకీ పలుకుతుంది. తెర దాన్నీ వేలనే అనుకుంటుంది. మీరు అడగాల్సిన ప్రశ్న వేరు.”

“ఏం అడగాలో తెలియకపోవడం నా తప్పా? తెలిసినవాడు అమ్మేవాడు. వాడు చెప్పాలి.”

“వాడికీ తెలీదు. అసలు చిక్కు అదే.”

ఆమె వృత్తి ఆ గాజు కిందే ఉంది కాబట్టి చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. మాస్టారు కూడా, కోపం కోపమే అయినా, విషయం వచ్చేసరికి విద్యార్థి అయిపోయి విన్నారు. మామూలు ట్యాబ్ తెరలో గాజు కింద కంటికి కనపడని వాహక తీగలు అడ్డంగా, నిలువుగా పరిచి ఉంటాయి. ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో చేసిన గళ్లు అవి. ఒక గీతకూ ఇంకో గీతకూ నడుమ నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ చోట విద్యుదావేశం నిలిచే తీరు కొద్దిగా మారుతుంది. చుట్టుపక్కల మూడు నాలుగు గళ్లలో వచ్చిన మార్పును కొలిచి, వేలు కచ్చితంగా ఎక్కడుందో చిప్ లెక్కకడుతుంది. సన్నని మొన అయితే ఆ మార్పు చాలదు, తెరకు అసలు కనపడదు. అందుకే ఆ పుల్లకు అంత లావు రబ్బరు మొన. మరి అరచెయ్యి? అది వేలికన్నా ఎన్నో రెట్లు పెద్ద మార్పు తెస్తుంది. రాసేవాడు రాయడానికే చెయ్యి ఆనించాడని ఆ చిప్‌కు ఎలా తెలుస్తుంది?

“పెన్ను కోసం చేసిన ట్యాబ్‌లో సంగతి వేరు,” అందామె. “సామ్‌సంగ్ 2011లో గెలాక్సీ నోట్ ఫోన్‌తో తెచ్చిన ఎస్ పెన్ ఉంది కదా, అది జపాన్ కంపెనీ వాకామ్ పద్ధతి. తెర వెనకాల ఇంకో పలుచని పలక ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట ఆ శక్తి తీసుకుని తిరిగి సంకేతం పంపుతుంది. అందుకే ఆ రాసే పనికి పెన్నులో బ్యాటరీ అక్కర్లేదు. మొన గాజుకు దాదాపు సెంటీమీటరు దూరంలో ఉండగానే ట్యాబ్‌కు తెలిసిపోతుంది, ఇదిగో పెన్ను వస్తోందని. వెంటనే చేతి స్పర్శను పట్టించుకోవడం మానేస్తుంది. మీరు ఎంత బరువుగా చెయ్యి ఆనించినా పేజీ కదలదు.”

“మరి ఆ పలక నా ట్యాబ్‌లో ఎందుకు పెట్టలేదు?”

“పెడితే పదకొండు వేలకు రాదు కాబట్టి.”

ఆమె వాదమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది. చౌక ట్యాబ్ అంటే ఎక్కడో ఏదో తీసేసిన ట్యాబ్. ఏది తీసెయ్యాలన్నది కంపెనీ నిర్ణయం, ఏది లేకపోయినా ఫర్వాలేదన్నది కొనేవాడి నిర్ణయం. రెండూ కుదిరినచోట బేరం కుదురుతుంది. దానికి ఆమె దగ్గర ఉదాహరణలు బోలెడు. 2010 ఏప్రిల్‌లో వచ్చిన మొట్టమొదటి ఐప్యాడ్‌కు కెమెరాయే లేదు. అదేం చౌక సరుకు కాదు, 499 డాలర్లు. కెమెరాలు మరుసటి ఏడాది ఐప్యాడ్ 2తో వచ్చాయి. 2011 నవంబరులో అమెజాన్ అమ్మిన కిండిల్ ఫైర్ 199 డాలర్లు, అందులో కెమెరా లేదు, మైక్ కూడా లేదు. 2012లో గూగుల్ తెచ్చిన నెక్సస్ 7దీ అదే ధర. ముందు కెమెరా ఉంది, వెనక కెమెరా లేదు, మెమరీ కార్డు పెట్టే చోటూ లేదు. అయినా జనం ఎగబడి కొన్నారు, మెచ్చుకున్నారు. వాళ్లకు కావాల్సిన పని అందులో ఉంది మరి.

“లేనివి ఏరుతూ కూర్చుంటే ఏ వస్తువూ మిగలదు మామయ్యా,” అందామె.

మాస్టారు ఆ ఉదాహరణలు మూడింటినీ విని, కొంచెంసేపు ఆలోచించి, సరిగ్గా వాటినే తిప్పికొట్టారు. ఈ వ్యాసం రాస్తున్నవారికి ఈ సంవాదంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ జవాబే.

“నెక్సస్‌ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే చాలదటమ్మా, కెమెరా లేదని తెలియడానికి? కార్డు పెట్టే చోటు లేదంటే అంచు చూస్తే తెలుస్తుంది. ఆ లేకపోవడం కళ్లెదుట ఉంది. తెలిసి కొన్నారు. నా ట్యాబ్‌లో లేనిది గాజు కింద లేదు. పెన్ను పలికే ట్యాబ్‌నీ నా ట్యాబ్‌నీ పక్కపక్కన పెట్టు. అదే గాజు, అదే వెడల్పు, అదే నలుపు. ఇంజనీరువి నువ్వైనా చూపుతో చెప్పగలవా?”

చెప్పలేనని ఒప్పుకుంది. అయితే ఆమె ఓడిపోయిందని మాత్రం కాదు. మాస్టారి మాటలో ఉన్న తేడాను ఇంకా ముందుకు తీసుకెళ్లింది ఆమే. కంటికి కనపడని లోటులు పెన్నుతో ఆగవు. మామూలు కొనుగోలుదారు ఊహించని చోట్ల ఉంటాయి.

వీడియో నాణ్యత సంగతి చూడండి. నెట్‌ఫ్లిక్స్ లాంటి సేవలు సినిమాను తాళం వేసి పంపుతాయి. ఆ తాళం తీసే గూగుల్ పద్ధతి పేరు వైడ్‌వైన్. దానిలో ఎల్1 అనే స్థాయి ఉన్న పరికరంలో ఆ పని చిప్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది. ఎల్3 అయితే మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఎల్3 పరికరానికి నెట్‌ఫ్లిక్స్ 480పి దాటి ఇవ్వదు. పెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డీ’ అని అచ్చు వేసి ఉంటుంది, అది నిజమే, తెరలో అన్ని చుక్కలూ ఉన్నాయి. ఆ చుక్కలను నింపే బొమ్మే రాదు. 2018 ఆగస్టులో మన దేశంలో విడుదలైన పోకో ఎఫ్1 ఫోన్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. 20,999 రూపాయలకు అప్పటి అగ్రశ్రేణి ప్రాసెసర్ ఇచ్చి అందరినీ ఆశ్చర్యపరిచిన ఆ ఫోన్‌లో ఎల్1 లేదు. కొన్నవాళ్లు ఊరుకోలేదు, అడుగుతూనే ఉన్నారు. 2019లో కంపెనీ అప్‌డేట్ ద్వారా దాన్ని ఇచ్చింది.

జీపీఎస్ మరొకటి. సిమ్ పెట్టే వీల్లేని వైఫై ఐప్యాడ్‌లలో జీపీఎస్ చిప్ ఉండదు. చుట్టుపక్కల వైఫైలను బట్టి ఎక్కడున్నామో ఉజ్జాయింపుగా చెప్పగలవు గానీ, పొలం గట్టు మీద నిలబడి సర్వే రాయి ఎక్కడుందో వెతకడానికి పనికిరావు. టైప్ సి సాకెట్ ఇంకొకటి. ఖరీదైన ట్యాబ్‌కూ చౌక ట్యాబ్‌కూ ఆ బెజ్జం ఒకేలా ఉంటుంది. ఒకదానికి కేబుల్ తగిలిస్తే టీవీలో బొమ్మ వస్తుంది, ఇంకోదానికి ఛార్జింగ్, ఫైళ్లు తప్ప మరేమీ రాదు.

“చూశావా!” అన్నారు మాస్టారు. “నా పక్షాన వాదిస్తున్నావు నువ్వు.”

“లేదు మామయ్యా. ఇన్ని ఉన్నాయి కాబట్టే కొనేవాళ్లు ముందు తమ పని చెప్పాలంటున్నాను. మీరు కొట్లోకి వెళ్లి, ‘చెయ్యి ఆనించి సన్నగా లెక్కలు రాయాలి, రాసి చూపించు’ అని ఉంటే, ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో తేల్చేసేవాడు. పెన్నుతో రాయొచ్చా అంటే అవునంటాడు. ఆ అవును నిజమే, కానీ మీకు పనికిరాదు.”

ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. చౌక ట్యాబ్ కొనేవాళ్లు చాలామంది ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడుగుతారు. అంకెలు పోల్చడం తేలిక. పని పోల్చడానికి తెచ్చుకున్న పనిని అక్కడే చేసి చూడాలి, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఆ వీలు కూడా లేదు.

వాదన ఇక్కడ ఆకాశ్ వైపు మళ్లింది. ఆ కథ తెలుగు నేలకు బాగా దగ్గరిది కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగాలి. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ ట్యాబ్‌ను విడుదల చేశారు. ప్రపంచంలోనే అతి చౌక ట్యాబ్ అన్నారు. తయారీ డేటావిండ్ కంపెనీది, బిగింపు హైదరాబాద్‌లో. ప్రభుత్వానికి పడిన ధర రెండు వేల మూడు వందల రూపాయల లోపు. ఏడు అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ప్రయోగంగా విద్యార్థుల చేతికి వచ్చాక ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నెమ్మది, బ్యాటరీ నిలవదు, అన్నిటికన్నా ముఖ్యంగా తెర మొండిది. అది రెసిస్టివ్ రకం. వేలితో తాకితే చాలదు, నొక్కాలి. పైన ఒక పొర, కింద ఒక పొర, నొక్కితే రెండూ కలిసినచోట తెలుస్తుంది. అప్పటికే జనం చేతుల్లోకి వచ్చిన ఫోన్లు మెత్తగా తాకితే పలుకుతుండగా, ఆకాశ్ మాత్రం నొక్కించుకుని కూడా ఒక్కోసారి పలికేది కాదు. మరుసటి ఏడాది, 2012 నవంబరు 11న, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్ 2లో దాన్ని తీసేసి మామూలు కెపాసిటివ్ తెర పెట్టారు. ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్ అయింది, ర్యామ్ రెట్టింపైంది.

“ఇప్పుడు చెప్పండి మామయ్యా,” అందామె. “అందరూ తిట్టిపోసిన ఆ మొదటి ఆకాశ్ తెర మీద ఏ పుల్లతోనైనా సన్నగా రాయొచ్చు. గోటితో రాయొచ్చు, మూత పెట్టిన బాల్‌పెన్ను కొసతో రాయొచ్చు. నొక్కడం మీద నడిచే తెర కాబట్టి మొన సన్నగా ఉంటే ఇంకా మేలు. మీరు ఈరోజు లేదని బాధపడుతున్నది అందులో ఉంది. లోపం అనుకున్నదే మీకు పనికొచ్చేది.”

మాస్టారు ఒక్క క్షణం తికమకపడ్డారు. తర్వాత అడిగారు: “చెయ్యి ఆనిస్తే?”

“చెయ్యి ఆనిస్తే అదీ నొక్కుడే. అక్కడా గాల్లోనే రాయాలి.”

“అలా చెప్పు!”

ఆ మాటతో ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, ఆమె ఆ ఉదాహరణ తేవడం వెనక గట్టి ఆలోచన ఉంది. ఏది సౌకర్యం, ఏది లోటు అన్నది వస్తువులో రాసిపెట్టి ఉండదు. పాఠం వీడియో చూడటానికి ఇచ్చిన ట్యాబ్‌కు పెన్ను లేకపోవడం లోటు అవుతుందా? 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. నెట్ లేని ఊళ్లోనూ పిల్లవాడు పాఠం తెరిచి చూడగలగాలి, అంతవరకే ఆ ట్యాబ్ పని. ఆ పనికి కావాల్సింది మంచి తెర, నిలిచే బ్యాటరీ, కార్డు నిండా పాఠాలు. అక్కడ పెన్నుకు డబ్బు ఖర్చుపెడితే ఇంకా తక్కువమంది పిల్లలకు అందుతాయి అన్నది ఆమె లెక్క.

“అక్కడే నేను ఒప్పుకోను,” అన్నారు మాస్టారు, ఈసారి గొంతు పెంచకుండానే. “సాంఘికశాస్త్రం చూసి నేర్చుకోవచ్చేమో. లెక్కలు చూస్తే వచ్చాయనుకుంటారు పిల్లలు. పలక చేతికిచ్చి నువ్వు చెయ్యరా అంటే మూడో అంచె దగ్గర ఆగిపోతారు. నలభై మందిలో ఎవడు ఎక్కడ ఆగాడో వాడి చేతిరాత చూస్తే నాకు తెలుస్తుంది. గుర్తు మార్చడం మర్చిపోయాడా, బ్రాకెట్ విప్పడం రాలేదా, అంతా అక్కడే కనపడుతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమంటే తప్పు నొక్కాడని తెలుస్తుంది గానీ, ఎందుకు తప్పాడో తెలీదు. చదువు కోసం అని అమ్మే వస్తువులో రాత లేకపోతే లెక్కల చదువు సగం లేనట్టే. ఇది నా ముచ్చటని కొట్టెయ్యకు.”

రాత గురించి ఆయన చెప్పింది బళ్లో పాఠం చెప్పిన ఎవరైనా ఒప్పుకుంటారు. పెట్టెల మీద చదువుకుంటున్న పిల్లల బొమ్మ వేసి, విద్యార్థుల కోసం అని అమ్మే చౌక ట్యాబ్‌లకు ఆయన వేసిన ఈ ప్రశ్న తగులుతుంది. మేనకోడలు దీనికి నేరుగా జవాబు చెప్పలేదు. చెప్పకుండా వేరే దారిన వచ్చింది, పైగా తన వాదానికే కొంత నష్టం చేసే నిజం ఒకటి దాచకుండా చెప్పింది. అందుకు ఆమెను మెచ్చుకోవాలి.

“ఇందాక ధర కారణం అన్నాను. పూర్తిగా అదే కాదు. ఎస్ పెన్ పద్ధతికి విడి పలక కావాలి, అది ఖర్చే. కానీ ఇంకో పద్ధతి ఉంది. పెన్నులోనే బ్యాటరీ ఉంటుంది, మొన నుంచి సంకేతం వస్తుంది. వేలిని పట్టే గళ్లే దాన్నీ వింటాయి. ఆపిల్ పెన్సిల్ ఆ రకం. క్రోమ్‌బుక్‌లలో వాడే యూఎస్ఐ పెన్నులూ ఆ రకమే. వాటికి విడి పలక అక్కర్లేదు. టచ్ చిప్ ఆ భాష తెలిసినదై ఉండాలి, ఫర్మ్‌వేర్ సరిగ్గా రాయాలి, తెరను త్వరత్వరగా చదవాలి.”

“అంటే తక్కువ ఖర్చులోనే అవుతుంది?”

“పలకంత ఖర్చు లేదు.”

“ఆపిల్ వాళ్లదే చెప్పు. వాళ్ల చౌక ఐప్యాడ్‌లో మొదటి నుంచీ ఉందా?”

లేదు. ఈ విషయంలో తేదీలే మాట్లాడతాయి. ఆపిల్ పెన్సిల్ 2015లో ఖరీదైన ఐప్యాడ్ ప్రో కోసం వచ్చింది. 2017 మార్చిలో 329 డాలర్లకు మామూలు ఐప్యాడ్ వచ్చింది, దానికి పెన్సిల్ పలకదు. ఏడాదికి, 2018 మార్చి 27న, షికాగోలోని ఒక హైస్కూల్లో సభ పెట్టి ఆపిల్ కొత్త ఐప్యాడ్ చూపించింది. అదే 329 డాలర్లు, బళ్లకైతే 299. దానికి పెన్సిల్ పలుకుతుంది. ధర పైసా పెరగలేదు. పెన్సిల్ మాత్రం విడిగా కొనుక్కోవాలి, 99 డాలర్లు.

“అదే ధరకు ఏడాదిలో వచ్చిందంటే, మొన్నటిదాకా ఇవ్వకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదని తేలిపోయింది కదటమ్మా. ఖరీదైనది కొనిపించడానికి దాచి ఉంచారు.”

“ఏడాదిలో విడిభాగాల ధర తగ్గుతుంది మామయ్యా, చిప్‌లు మారతాయి. అయినా మీరన్నది కొంత నిజమే. కంపెనీ ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ తేడా చూపించాలి. లేకపోతే పై మెట్టు ఎవరూ ఎక్కరు. ఎక్కేవాళ్ల డబ్బుతోనే కింది మెట్టు చౌక అవుతుంది.”

మాస్టారికి ఇది నచ్చలేదు, ఆమెకూ అంతగా నచ్చినట్టు లేదు.

తర్వాత వాదన చట్టం మీదకు వెళ్లింది. మాస్టారు వినియోగదారుల కమిషన్‌కు రాస్తానన్నారు. అప్పటికే 1915 హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకున్నారు. మేనకోడలు వద్దనలేదు గానీ, నిలబడేది ఏది, నిలబడనిది ఏది అని విడదీసి చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సరుకు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు కొనేవారికి ఉంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది, బిల్లు మీద గడువు వెయ్యకపోతే ముప్పై రోజుల దాకా అడగొచ్చు. కానీ లోపం వేరు, లేకపోవడం వేరు. ఇస్తామని చెప్పని సౌకర్యం లేకపోతే ఆ ట్యాబ్ చెడిపోయిన ట్యాబ్ కాదు.

“చట్టంలో లోపానికి చెప్పిన అర్థం పూర్తిగా చదువు,” అన్నారు మాస్టారు. “చట్టం ప్రకారం, ఒప్పందం ప్రకారం ఉండాల్సిన ప్రమాణమే కాదు, అమ్మేవాడు ఏ రూపంలోనైనా సరే ఉందని చెప్పుకున్న ప్రమాణంలో తక్కువ వచ్చినా లోపమే. రాయొచ్చని వాడు నోటితో చెప్పాడు.”

“చెప్పాడని ఎలా రుజువు చేస్తారు?”

“రబ్బరు పుల్లకు బిల్లుంది. అదే బిల్లులో ట్యాబూ ఉంది. రాయడానికి కాకపోతే ఆ పుల్ల నాకెందుకు అమ్మినట్టు?”

ఆమె దగ్గర దీనికి జవాబు లేకపోయింది. ఐదు లక్షల లోపు సరుకుకు జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు, మాస్టారు వెయ్యాలనుకుంటే వెయ్యొచ్చు. అయితే మర్నాడు ఆయనే వెనక్కి తగ్గారు. ఫిర్యాదు వేస్తే ముందు మాట పడేది ఆ కౌంటర్ కుర్రాడే. వాడికి కంపెనీ ఇచ్చిన కాగితంలో కూడా ఆ సంగతి లేదు. కాగితం రాసినవాళ్లను అడగకుండా వాడిని నిలదీయడం ఆయనకు మనస్కరించలేదు.

ఇక మిగిలింది, ఉన్న ట్యాబ్‌తో పాఠం ఎలా చెప్పాలన్నది. పెన్ను పట్టే పలక అప్‌డేట్‌తో రాదు. పోకోకు ఎల్1 వచ్చినట్టు ఇది రాదు, ఎందుకంటే లేనిది వస్తువే. మేనకోడలు రెండు దారులు చెప్పింది. ఒకటి, కంప్యూటర్లకు తగిలించుకునే గ్రాఫిక్స్ పెన్ ట్యాబ్లెట్. హ్యూయాన్, ఎక్స్‌పీ పెన్, వాకామ్ కంపెనీలవి కొన్ని ఆండ్రాయిడ్‌కు కూడా ఓటీజీ కేబుల్‌తో పలుకుతాయి. పెన్ను పట్టే పలక బల్ల మీద, గీత ట్యాబ్ తెర మీద.

“చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట పెట్టి రాయమంటావా?”

“బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు చూడలేదా మీరు? వెనక బెంచీ వాణ్ణి మందలిస్తూ వర్గమూలం గుర్తు వేసేవారని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.”

రెండో దారి ఇంకా తేలిక. మాస్టారి దగ్గర పాత ఫోన్ ఉంది, వెనక కెమెరా బాగుంది. దాన్ని పుస్తకాల దొంతర మీద కిందికి చూసేలా పెట్టి, కింద తెల్లకాగితం పెట్టి, మామూలు పెన్నుతో రాయడం. ఒకే మీటింగ్‌లోకి రెండు పరికరాలతో చేరాలి. ట్యాబ్‌లో పిల్లల ముఖాలు, ఫోన్‌లో కాగితం. ఫోన్ మైకూ స్పీకరూ రెండూ ఆపేయాలి, లేకపోతే గొంతు గిరగిరా తిరిగి కేకవుతుంది. దీపం పక్క నుంచి పడాలి, లేకపోతే చేతి నీడ అంకెల మీద పడుతుంది. ఇందులో కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. చెయ్యి నిండుగా ఆనించొచ్చు, ఘాతాంకం ఎంత చిన్నగానైనా వెయ్యొచ్చు.

మాస్టారు అలాగే చేశారు, పాఠం నడుస్తోంది. అయితే తాను కొన్న ట్యాబ్ ఇప్పుడు ముఖాలు చూడటానికే పనికొస్తోందని ఆయనకు కోపం పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు. పింఛను డబ్బులో నుంచి పదకొండు వేలు పెట్టిన మనిషికి, కావాల్సిన పని కాగితంతోనే జరుగుతున్నా, అడగాల్సింది మిగిలే ఉంటుంది. ఆయన తన మేనకోడలిని అడిగిందీ అదే, ఎందుకంటే ఆమె ఆ రంగం లోపలి మనిషి.

“పెట్టె మీద ఒక్క వరుస వెయ్యలేరా? పెన్ను: లేదు. జీపీఎస్: లేదు. టీవీకి బొమ్మ: రాదు. నెట్‌ఫ్లిక్స్: 480పి. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాలు అతికించాలని ప్రభుత్వం చెబితే అతికిస్తున్నారు కదా.”

“యూరప్‌లో కొంత వచ్చింది మామయ్యా. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకూ ట్యాబ్‌లకూ లేబుల్ ఉండాలి. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు ఎంత తేలిక అని దాని మీద ఉంటుంది. కానీ అందులోనూ లేనివాటి వరుస లేదు. లేనివి రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలి? చెయ్యి పట్టే హ్యాండిల్ లేదు, ప్రింటర్ లేదు అని కూడా రాయమంటారు.”

“కంటికి కనపడేవి వద్దు. పెట్టె విప్పి తిప్పి చూసినా తెలియనివి. అంతవరకే.”

ఆమె ఫోన్ తీసి రాసుకుంది. పెన్ను, జీపీఎస్, టైప్ సి లో బొమ్మ, ఎల్1, దిక్సూచి, గైరోస్కోప్. గైరోస్కోప్ తీసేస్తానంది, ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఆడే ఆటలు ఎవరూ ఆడరని. మనవరాలు టెక్సాస్ నుంచి వచ్చినప్పుడు ఆకాశంలోకి ట్యాబ్ పట్టుకుని నక్షత్రాల పేర్లు చూపించే యాప్ తెరిచిందనీ, అది తన ట్యాబ్‌లో కదలలేదనీ మాస్టారు గుర్తుచేశారు. ఆమె దాన్ని తీసెయ్యలేదు. దాని కింద ఏడో వరుసగా, భద్రతా అప్‌డేట్‌లు ఏ సంవత్సరం దాకా వస్తాయో కూడా వెయ్యాలని తనే చేర్చింది. అది లేనివాటి వరుసలో ఎలా వస్తుందని ఈసారి మాస్టారు అభ్యంతరం చెప్పారు.